ఓడిపోయే క్లబ్బు గురించి వాదించడం ఎలా: ఒక నార్త్ మెల్‌బోర్న్ అభిమాని పద్ధతి

ఆస్ట్రేలియా ఫుటీలో కాలింగ్‌వుడ్, జీలాంగ్ లాంటి గెలిచే క్లబ్బుల అభిమానులకు దీంతో పనిలేదు. మా ఆయన కాలింగ్‌వుడ్. సోమవారం ఆఫీసుకు నవ్వుకుంటూ వెళ్ళే మనిషి, ఆయనకు వాదించాల్సిన అవసరమే రాదు. ఇది నాలాగా నార్త్ మెల్‌బోర్న్‌ను నమ్ముకున్నవాళ్ళకు, లేదా పిల్లాడు ఆ నీలం తెలుపు చారల జెర్సీ కావాలని పట్టుబడితే వాడి వెనకాలే స్టేడియానికి వెళ్ళక తప్పని టార్నీట్, పాయింట్ కుక్ లాంటి మెల్‌బోర్న్ శివార్ల అమ్మానాన్నలకు.

ఆట ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. మైదానంలో ఒక్కో వైపు 18 మంది. నడిమి స్తంభాల మధ్య తంతే 6 పాయింట్లు, పక్క నుంచి పోతే 1. ఆట నియమాలు ఇంతకు మించి చెప్పను. ఓడినప్పుడు ఏం మాట్లాడాలో చెప్తాను. మాకు ఆ అనుభవం దండిగా ఉంది. 2020 నుంచి 2024 దాకా ఐదు సీజన్లలో నార్త్ గెలిచినవి మొత్తం 15 మ్యాచ్‌లు. 2021లోనూ 2022లోనూ 18 టీముల్లో 18వ స్థానం. 2023లో వరసగా 20 ఓటములు.

ఇలాంటి క్లబ్బు గురించి మాట్లాడనివాళ్ళు ఉండరు. "ఆ ఫిజియోలను మార్చాలి, ఆ ముసలాణ్ణి ఎందుకు ఆడిస్తున్నారు, అందర్నీ పంపేసి కుర్రాళ్ళను తెచ్చుకోవాలి" అని ఒకే గుక్కలో అనేస్తారు. వాదన అక్కడే పాడవుతుంది. గాయం వారాల లెక్క. సెలక్షన్ ఒక్క గురువారం లెక్క. లిస్ట్, అంటే కాంట్రాక్టులో ఉన్న నలభై పైచిలుకు ఆటగాళ్ళ మొత్తం, ఏళ్ళ లెక్క. ఎవరైనా ఒక లెక్కలో అడిగితే ఇంకో లెక్కలో జవాబు చెప్పకండి. మీకు అలా చెప్తే ఒప్పుకోకండి.

మంగళవారం: గాయాల జాబితా

ఏఎఫ్ఎల్, అంటే ఈ 18 క్లబ్బుల లీగ్, సీజన్లో వారం వారం అన్ని క్లబ్బుల గాయాల జాబితా ఇస్తుంది. ఆటగాడి పేరు, ఏం దెబ్బ, ఎన్ని వారాలు. చాలామంది మొదటి రెండూ చూసి అయ్యో అంటారు. మీరు మూడోది చూడండి, పోయిన వారం అక్కడ ఏ అంకె ఉందో కూడా చూడండి. నేను పాత అంకె పక్కన కొత్తది రాసిపెట్టుకుంటాను. "2 వారాలు" అన్నది వచ్చే మంగళవారం కూడా "2 వారాలు"గానే ఉంటే అది వార్త. మూడోసారీ అదే ఉంటే క్లబ్బు మొదట చెప్పింది ఆశ మాత్రమే. "టెస్ట్" అని ఉంటే శిక్షణ చూశాక తేలుస్తారని. "టీబీసీ" (ఇంకా ఖాయం కాలేదు) అని ఉంటే వాళ్ళకే తెలియదు, లేదా చెప్పడం ఇష్టం లేదు.

తర్వాత దెబ్బల్ని వేరు చెయ్యండి. తలకు దెబ్బ తగిలి కంకషన్ అని తేలితే కోచ్ చేతిలో ఏమీ ఉండదు. తొందరగా అంటే 12వ రోజున తిరిగి ఆడొచ్చు, అంతకుముందు కుదరదన్నది నియమం. దాని మీద కోచ్‌ను తిట్టేవాళ్ళతో టైం వృథా. మోకాలి ఏసీఎల్ తెగితే ఇంచుమించు ఏడాది పోయినట్టే. అక్కడ అడగాల్సింది "ఎప్పుడొస్తాడు" అని కాదు, "ఆ ఖాళీలో ఎవర్ని తెస్తారు" అని. ఇలాంటివాళ్ళను దీర్ఘకాల గాయాల జాబితాలో పెడితే సీజన్ మధ్యలో జరిగే రూకీ డ్రాఫ్ట్‌లో ఒకణ్ణి తీసుకునే వీలు వస్తుంది. డ్రాఫ్ట్ అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడం. ఇది చిన్న విషయం కాదు. రిచ్‌మండ్ 2019లో మార్లియన్ పికెట్‌ను అలా మధ్యలోనే తెచ్చుకుంది. అతను ఆడిన మొదటి ఏఎఫ్ఎల్ మ్యాచ్ ఆ ఏడాది కప్పు తేల్చే గ్రాండ్ ఫైనలే, గెలిచారు కూడా. హాథార్న్ వాళ్ళ జై న్యూకమ్ 2021లో అదే దారిలో వచ్చాడు.

నిజంగా వాదించదగ్గవి కండరాల గాయాలు: తొడ వెనక హామ్‌స్ట్రింగ్, పిక్క, గజ్జ. ఎదుటివాడు వచ్చి మీద పడితే చెయ్యి విరిగింది, అది దురదృష్టం. పరిగెడుతూ పరిగెడుతూ తనంతట తానే తొడ పట్టుకుని ఆగిపోతే అడగడానికి ప్రశ్న ఉంది. ఒకే నెలలో ముగ్గురికి అలా అయితే శిక్షణ భారం గురించి అడగండి. ఒకడికే, అదే కాలికి, తిరిగొచ్చిన కొద్ది వారాల్లోనే మళ్ళీ అయితే తొందరపడి దింపారా అని అడగండి. ఒక్కడికి ఒక్కసారి అయితే ఊరుకోండి.

గాయాల చరిత్ర ఉందని కుర్రాణ్ణి కొట్టేసేవాళ్ళు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. చార్లీ కోంబెన్ విషయంలో మా వరసలో కూర్చునే ఒకాయన "వీడి పని అయిపోయింది" అని తీర్పు ఇచ్చేశాడు. తొలి ఏళ్ళన్నీ గాయాలతోనే పోయాయి మరి. ఫార్వర్డ్‌గా వచ్చినవాణ్ణి 2024లో డిఫెన్స్‌కు మార్చారు, అక్కడ కుదురుకున్నాడు. జార్జ్ వార్డ్‌లాకు డ్రాఫ్ట్ ఏడాదిలోనే హామ్‌స్ట్రింగ్ బాధ ఉంది. అది తెలిసే 2022లో 4వ పిక్‌తో, అంటే డ్రాఫ్ట్‌లో 4వ వంతులో, తీసుకున్నారు. అతను బయట కూర్చున్న ప్రతిసారీ "ఈ సంగతి ముందు చూసుకోలేదా" అని అడగడం అందుకే దండగ. చూసుకున్నారు, చూసుకునే ఆ బేరానికి దిగారు. ఆ బేరం సరైనదేనా అని అడగండి, అది వేరే ప్రశ్న.

గురువారం: సెలక్షన్

గురువారం సాయంత్రం టీములు ప్రకటిస్తారు. ఆదివారం ఆడేవాళ్ళకైతే ముందు పెద్ద జాబితా ఇచ్చి తర్వాత తగ్గిస్తారు. బెంచీతో కలిపి 23 మంది. బయటికి పోయినవాళ్ళ పేర్ల పక్కన ఒక మాట ఉంటుంది. "ఇంజర్డ్" తెలిసిందే. "ఒమిటెడ్" అంటే ఆట బాగాలేక తీసేశారు. "మేనేజ్డ్" అంటే ఒళ్ళు అలసిందనీ కావచ్చు, మర్యాదగా పక్కన పెట్టారనీ కావచ్చు. కుర్రాడైతే మొదటిది, ముప్ఫై దాటినవాడైతే రెండో అనుమానం కూడా పెట్టుకోవచ్చు.

సెలక్షన్ వాదనకు మా ఇంట్లో ఒకటే నియమం. ఫలానావాణ్ణి తీసుకోవాలి అన్నవాళ్ళు ఎవర్ని తీసెయ్యాలో కూడా చెప్పాలి, అదీ అదే పని చేసేవాణ్ణి. ట్రిస్టన్ జెర్రీ లాంటి రక్‌మన్, అంటే పైకి ఎగిరి బంతిని అందుకునే పొడుగువాడు, బయట ఉంటే అతని చోటులోకి ఇంకో పొడుగువాడే రావాలి. చిన్న ఫార్వర్డ్ ఎంత బాగా ఆడుతున్నా అక్కడ పనికిరాడు. ఈ ఒక్క నియమం పెట్టాక మా మరిదితో జరిగే గొడవల్లో సగం మాయమయ్యాయి. ఆయన ఎసెండన్. ఎప్పుడూ ముగ్గుర్ని తెమ్మంటాడు, ఒక్కణ్ణీ తియ్యనివ్వడు.

రిజర్వ్ టీమ్ మ్యాచ్ ఒక్కటైనా చూడండి, అంటే వీఎఫ్ఎల్. అక్కడ 30 సార్లు బంతి పట్టాడని పేపర్లో చదివి "ఎందుకు ఆడించరు" అనడం తేలిక. ఎదురుగా ఎవరున్నారు, బంతి పట్టాక తన్నింది ఎవరి చేతిలోకి పోయింది, బంతి లేనప్పుడు తిరిగి పరిగెత్తాడా అన్నవి అంకెల్లో దొరకవు. ఎండ బాగుంటే గడ్డి మీద కూర్చుని చూసే ఆట అది. పిల్లలకు ఏఎఫ్ఎల్ కంటే అదే ఎక్కువ నచ్చుతుంది.

అన్నిటికంటే పెద్ద తగాదా: ఎలాగూ ఓడిపోతున్నాం కదా, పెద్దవాళ్ళను ఎందుకు ఆడించడం? 2024 చివర నార్త్ ముగ్గుర్ని తెచ్చింది. సిడ్నీ నుంచి లూక్ పార్కర్, వెస్టర్న్ బుల్‌డాగ్స్ నుంచి కేలబ్ డేనియల్, వెస్ట్ కోస్ట్ నుంచి జాక్ డార్లింగ్. ముగ్గురూ పాత క్లబ్బుల్లో ప్రీమియర్‌షిప్, అంటే ఆ ఏడాది కప్పు, గెలిచినవాళ్ళే. దీన్ని కుర్రాళ్ళ చోటు తినెయ్యడం అన్నవాళ్ళున్నారు. నేను పార్కర్ వైపు. 18 ఏళ్ళవాళ్ళను వారం వారం 80 పాయింట్ల తేడాతో ఓడిపోనిచ్చి "అనుభవం వస్తుంది" అంటే వాళ్ళకు వచ్చేది ఓడిపోయే అనుభవమే. బ్రిస్బేన్ 2017లో అట్టడుగున ఉంది. అప్పుడు లూక్ హాడ్జ్‌ను తెచ్చుకుని కుర్రాళ్ళ మధ్య డిఫెన్స్‌లో నిలబెట్టారు. అతను రిటైరయ్యే 2019కల్లా వాళ్ళు ఫైనల్స్‌లో, అంటే కప్పు కోసం ఆడే చివరి మ్యాచ్‌ల్లో, ఉన్నారు. హాడ్జ్ ఒక్కడి వల్లే అనను, మరుసటి ఏడు లాకీ నీల్ కూడా వచ్చాడు. కానీ మాట్లాడే పెద్దవాడు ఒకడు మైదానంలో ఉండాలి. డార్లింగ్ దగ్గర మాత్రం నా నమ్మకం కాస్త సడలుతుంది. ఆ చోట ఒక పొడుగు కుర్రాడు నేర్చుకోవచ్చు కదా అని గురువారాల్లో గింజుకుంటాను. మా వాడు ఒప్పుకోడు. వాడి వాదన: "అమ్మా, ఎవర్ని తీసెయ్యాలో చెప్పావు సరే, ఎవర్ని తేవాలో చెప్పు." నియమం నాదే కాబట్టి నోరు మూసుకోవాలి.

లిస్ట్: అసలు జబ్బు ఇక్కడుంది

దీనికి కాస్త చరిత్ర కావాలి. నార్త్ 2014లో, 2015లో ప్రిలిమినరీ ఫైనల్, అంటే గ్రాండ్ ఫైనల్‌కు ముందు మెట్టు దాకా వెళ్ళిన టీమ్. 2016లో మొదటి తొమ్మిది మ్యాచ్‌లూ గెలిచి చివరికి 8వ స్థానంలో తేలింది. సీజన్ ముగియకముందే నలుగురు పెద్దవాళ్ళకు కొత్త కాంట్రాక్టు లేదని చెప్పేశారు: బ్రెంట్ హార్వే, డ్రూ పెట్రీ, నిక్ డాల్ శాంటో, మైఖేల్ ఫిరిటో. హార్వే ఆడినవి 432 మ్యాచ్‌లు, అప్పటికి అంత ఆడినవాడు ఎవరూ లేరు. వాళ్ళ వయసు చూస్తే ఆ నిర్ణయం అర్థమవుతుంది. అర్థం కానిది 2020. ఆ ఏడు 17వ స్థానంలో వచ్చి, 11 మందిని ఒకేసారి తీసేశారు. పైగా బెన్ బ్రౌన్‌ను మెల్‌బోర్న్‌కు, షాన్ హిగ్గిన్స్‌ను జీలాంగ్‌కు పంపారు. బ్రౌన్ మరుసటి ఏడే మెల్‌బోర్న్‌తో ప్రీమియర్‌షిప్ గెలిచాడు. కుర్రాళ్ళ పక్కన నిలబడాల్సిన మధ్య వరస ఒక్కసారిగా పలచబడింది. నా లెక్కలో ఆ తర్వాతి ఓటముల్లో ఎక్కువ భాగం ఈ నిర్ణయాలదే గానీ తర్వాతి కోచ్‌లది కాదు.

కాబట్టి లిస్ట్ గురించి మాట్లాడే ముందు ఈ పని చెయ్యండి, అరగంట పడుతుంది. కాగితం మీద మూడు గడులు: 21 వరకు, 22 నుంచి 27, 28 పైన. లిస్టులో ఉన్న ప్రతి పేరూ రాయండి. పేరు పక్కన ఆడిన మ్యాచ్‌లు. ఆ తర్వాత నడిమి గడిలో 50 మ్యాచ్‌లు దాటినవాళ్ళ కింద గీత గియ్యండి. గెలిచే టీముల్లో ఆ గడి నిండుగా ఉంటుంది. మీ క్లబ్బుదీ, గత ఏడాది గెలిచినవాళ్ళదీ పక్కపక్కన పెట్టండి. మా ఆయన నోరు మొదటిసారి మూతపడింది అలాంటి కాగితం చూశాకే, కాలింగ్‌వుడ్ కాగితంలో మూడో గడి ఎంత బరువుందో కనబడి.

డ్రాఫ్ట్ గురించి. నవంబరులో జరుగుతుంది. అడుగునున్న క్లబ్బుకు ముందు అవకాశం. ఇంకా స్కూలు దాటని పిల్లాడి మీద అభిమానులు కట్టే కోటలు చూస్తే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అనే సామెత గుర్తొస్తుంది. నార్త్‌కు 2021లో 1వ పిక్ వచ్చింది. జేసన్ హార్న్-ఫ్రాన్సిస్‌ను తీసుకుంటే ఒక్క సీజన్ ఆడి పోర్ట్ అడిలైడ్‌కు వెళ్ళిపోయాడు. మరోవైపు, 2023లో మూడే మ్యాచ్‌లు గెలిచిన టీములో 71 గోల్స్ కొట్టి ఆల్ ఆస్ట్రేలియన్ (లీగ్‌లో ఆ ఏడాది అత్యుత్తమ జట్టు)లో చోటు దక్కించుకున్న నిక్ లార్కీ 73వ పిక్. జెర్రీ 72వ పిక్. ఇద్దరికీ ఏళ్ళు పట్టింది. పొడుగువాళ్ళకు పడుతుంది. హ్యారీ షీజెల్‌లా వచ్చిన మొదటి ఏడే లీగ్ కుర్రాళ్ళకిచ్చే రైజింగ్ స్టార్ అవార్డు, క్లబ్బు బెస్ట్ ప్లేయర్ పతకం రెండూ కొట్టేసేవాళ్ళు అరుదు. అతణ్ణి చూసి మిగతావాళ్ళను కొలవకండి.

పిక్ అంకెలు జారతాయని కూడా తెలిసుండాలి, లేకపోతే డ్రాఫ్ట్ రాత్రి "మోసం" అని అరుస్తారు. 2023లో నార్త్ దగ్గర 2, 3 పిక్‌లు ఉన్నాయి. 3వది, బెన్ మెకే ఫ్రీ ఏజెంట్‌గా (కాంట్రాక్టు ముగిసి నచ్చిన క్లబ్బుకు వెళ్ళగలవాడిగా) ఎసెండన్‌కు పోయినందుకు పరిహారంగా వచ్చినది. కోల్బీ మెకర్చర్‌ను 2తో తీసుకున్నారు. మధ్యలో గోల్డ్ కోస్ట్ తన అకాడమీ కుర్రాడు, అంటే ముందు హక్కు తనకే ఉన్న జెడ్ వాల్టర్‌ను 3వ పేరుగా సొంతం చేసుకుంది, అంతే, జేన్ డర్స్మా 4వ పేరయ్యాడు. తండ్రి అదే క్లబ్బుకు 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే కొడుకు విషయంలోనూ ఇంతే.

అదే ఏడు చివరి రౌండ్‌లో హోబార్ట్‌లో గోల్డ్ కోస్ట్‌ను ఓడించి 20 ఓటముల వరసను తెంచాం. ఆ గెలుపుతో 17వ స్థానానికి ఎక్కాం, 1వ పిక్ వెస్ట్ కోస్ట్‌కు పోయింది, వాళ్ళు హార్లీ రీడ్‌ను తీసుకున్నారు. "ఓడిపోయినా బాగుండేది" అన్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళతో నేను వాదించను, మెల్‌బోర్న్ క్లబ్బు సంగతి చెప్తాను. 2009లో కావాలని ఓడారన్న ఆరోపణ మీద విచారణ జరిగింది. అలా చేశారని తేలలేదు, అయినా 2013లో 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఆ మధ్యలో 2011లో జీలాంగ్ చేతిలో 186 పాయింట్ల తేడాతో ఓడారు. ప్రీమియర్‌షిప్ వచ్చింది 2021లో. కార్ల్‌టన్‌కు 2005, 2006, 2007లో వరసగా మూడేళ్ళు 1వ పిక్ దక్కింది. ఆ ముగ్గురూ రిటైరయ్యారు, కప్పు రాలేదు. హాథార్న్ మాత్రం 2004 డ్రాఫ్ట్‌లో రఫ్‌హెడ్, ఫ్రాంక్లిన్, లూయిస్‌లను తీసుకుని 2008లో గెలిచింది. అప్పటి కోచ్ అలిస్టర్ క్లార్క్‌సన్, 2023 నుంచి మా దగ్గర. అందుకే మా వాళ్ళకు ఆశ, అందుకే కోపం కూడా.

ఇక 2024 బేరం. మ్యాట్ విట్‌లాక్‌ను తీసుకోవడానికి 27వ పిక్ కోసం 2025 తొలి రౌండ్ పిక్‌ను రిచ్‌మండ్‌కు ఇచ్చారు. అంటే వచ్చే ఏడు పైకి లేస్తామని పందెం. 2025లో 5 గెలుపులు, ఒక డ్రా, 16వ స్థానం. నా ఉద్దేశంలో పందెం పోయింది. కానీ విట్‌లాక్ మీద కోపం చూపించకండి. ధర అతను పెట్టలేదు. అతను ఎలా ఆడతాడన్నది నాలుగేళ్ళ తర్వాత లెక్క, ఆ ధర సబబా అన్నది ఇవాళే తేల్చొచ్చు.

నేను పేరోల్‌లో పనిచేస్తాను కాబట్టి జీతాల గురించి ఒక్క మాట. జీతాలకు పైన పరిమితి ఉందని అందరికీ తెలుసు. కింద కూడా ఉంది. పరిమితిలో కనీసం 95 శాతం ప్రతి క్లబ్బూ ఖర్చు పెట్టి తీరాలి. అడుగునున్న టీమైనా సరే. స్టార్లు లేకపోయినా అంత డబ్బు ఎవరికో ఒకరికి పోవాల్సిందే. అందుకని తెలివైన క్లబ్బులు మంచి కుర్రాడి కాంట్రాక్టులో మొదటి ఏళ్ళకే ఎక్కువ జీతం పెట్టి, రాబోయే ఏళ్ళలో చోటు మిగుల్చుకుంటాయి. "వాడికి అంత జీతమా" అని ఎవరైనా అంటే "ఏ ఏడాదికి?" అని అడగండి. చాలామంది అక్కడితో ఆగిపోతారు.

ఎవరితో ఎలా

స్టేడియంలో ముందు వరస పెద్దాయనతో వాదించకండి, వినండి. 1975 మొదటి కప్పు చూసినవాడికి మన కాగితాలు అక్కర్లేదు. ఆఫీసులో సోమవారం పది గంటల లోపు ఫుటీ మాట ఎత్తకండి. మార్వెల్ స్టేడియం నుంచి సదరన్ క్రాస్ స్టేషన్‌కు నడిచే ఆ పది నిమిషాలు పిల్లల్ని తిట్టనివ్వండి. రైలెక్కాక ఒకటే అడగండి: "ఇవాళ బాగా ఆడింది ఎవరు?" టార్నీట్ వచ్చేలోపు వాళ్ళే గాయం, సెలక్షన్, లిస్ట్ అని విడగొట్టడం మొదలెడతారు. మీ పిల్లలు ఆడతామంటే ఆస్‌కిక్‌లో, అంటే చిన్నపిల్లల ఫుటీ శిక్షణలో, చేర్చండి. అమ్మానాన్నల్లో ఒకరు ఆసియాలో పుట్టినవాళ్ళైతే క్లబ్బులు నడిపే నెక్స్ట్ జనరేషన్ అకాడమీలకు కూడా అర్హత ఉండొచ్చు, మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

క్లబ్బులు ఆటగాళ్ళను మార్చుకునే అక్టోబరు ట్రేడ్ రోజుల్లో "దాదాపు ఖాయం" అనే వార్తలకు స్పందించకండి, సంతకం పడ్డాక మాట్లాడండి. డిసెంబరు, జనవరిలో అసలు నోరెత్తకండి. ఆ నెలల్లో ప్రతి క్లబ్బులో ప్రతివాడూ ఎన్నడూ లేనంత ఫిట్‌గా ఉంటాడు, శిక్షణలో అందరికంటే ముందు పరిగెడుతుంటాడు. మార్చిలో మొదటి గాయాల జాబితా వచ్చాక దెబ్బ పక్కనున్న వారాల అంకెలు చూసి అప్పుడు మొదలెట్టండి.